అక్కకు రైట్ చెప్పని రోజు

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలు ఉండేవి. ఒకటి కాలేజీలో చేరడం, రెండోది ఆ కాలేజీలో మా అక్క లేకపోవడం. మొదటిది బెంగాల్లో రైల్వేవాళ్ళుండే మా ఝపటాపూర్‌లో వీధంతా చెప్పుకుని తిరిగేదాన్ని. రెండోది మాత్రం దేవుడికి కూడా నేరుగా చెప్పలేదు, ఆయనా అక్క పక్షమేనని నాకు గట్టి అనుమానం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, పద్దెనిమిదేళ్ళ వయసులో నా కడుపుమంట మామూలు మంట కాదు.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. ఇంట్లో అందరూ బంగారి అని పిలుస్తారు. (నన్ను 'ఒసే' అని పిలుస్తారు. తేడా అక్కడే మొదలైంది.) వయసుతోపాటు బుద్ధి ఎదగలేదని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. ఏదైనా నేర్చుకోవడానికి మిగతావాళ్ళకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఒకసారి నేర్చుకున్నాక మాత్రం తను మరిచిపోదు, మనల్ని మరిచిపోనివ్వదు. అలా నేర్చుకున్నవాటిలో మొదటిది నాన్న ఉద్యోగం. నాన్న గూడ్సు బండి గార్డు. (ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రెయిన్ మేనేజర్ అంటున్నారట. నాన్న ఒప్పుకోడు.) బండి కదిలేటప్పుడు వెనక గార్డు పచ్చజెండా ఊపాలి, ముందు డ్రైవరు అది చూసి బదులివ్వాలి. బదులు రాకపోతే బండిలో ఏదో తేడా ఉన్నట్టు. అక్క దీన్ని ఇంట్లో అమలు పెట్టింది. పాత జెండాలోంచి అమ్మ కత్తిరించి అంచు కుట్టిచ్చిన పచ్చగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడేది. బయటికెళ్ళేవాళ్ళు వీధి మలుపులో వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. దాన్ని మేం 'రైట్ చెప్పడం' అనేవాళ్ళం. ఒకసారి మావయ్య చెయ్యెత్తకుండా గోల్‌బజార్‌కి చేపలకు వెళ్ళిపోయాడు. ఆయన చేపలు పట్టుకుని తిరిగొచ్చేదాకా అక్క స్నానం చెయ్యలేదు, టిఫిన్ ముట్టలేదు, గుమ్మం కదల్లేదు. మావయ్య ఆ తర్వాత వీధి చివరి పాన్‌షాపుకి వెళ్ళినా చెయ్యెత్తే వెళ్ళేవాడు.

ఇక నా అడ్మిషన్ రోజు సంగతి. అమ్మ ఊళ్ళో లేదు, ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నాన్న అక్కను కూడా తీసుకొచ్చాడు. నేను ఫారాలు నింపుకుంటూ వరసలో చెమటలు కక్కుతుంటే, అక్క హిస్టరీ మేడమ్‌తో కబుర్లు పెట్టుకుంది. ఆవిడ ఎండావానా తేడా లేకుండా గొడుగు వేసుకుని తిరిగేది కనుక అందరూ గొడుగు మేడమ్ అనేవారు. అక్కలాంటివాళ్ళు కాలేజీలో మిగతావాళ్ళ మధ్య కూర్చుని చదువుకోవాలని ఆవిడ ఎప్పట్నుంచో పట్టుబడుతోందట. పరీక్షలు ఉండవు, నచ్చిన క్లాసులకు రావచ్చు, తనకు వచ్చిన పద్ధతిలో ఒక పని చేసి చూపించాలి, పక్కన తోడుగా ఒక క్లాస్‌మేట్ ఉండాలి. ముందు ఒక సెమిస్టర్ చూద్దామని ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. అలా నేను వరసలోంచి బయటపడేసరికి అక్కకు సీటొచ్చేసింది. నాది ఇంకా వెయిటింగ్ లిస్టులో ఉంది.

నాకూ సీటొచ్చాక ఆ తోడు పని సహజంగానే నా మెడకు పడింది. నాకు 'సాథీ', అంటే తోడు, అని రాసిన బ్యాడ్జి కూడా ఇచ్చారు. సరే, కనీసం అందరూ నన్ను చూసి ఆహా ఎంత త్యాగమూర్తి అనుకుంటారని లోపల చిన్న ఆశ పెట్టుకున్నాను. (అద్దం ముందు ఒక శాంతమైన చిరునవ్వు కూడా సాధన చేశాను.) ఆ నవ్వు చూడ్డానికి ఎవరికీ తీరిక దొరకలేదు. అక్క రోజూ క్లాసు తలుపు దగ్గర పచ్చగుడ్డతో నిలబడేది. వచ్చినవాళ్ళు చెయ్యెత్తి లోపలికి వెళ్ళాలి. మొదటివారం నవ్వుకున్నారు, రెండోవారం అలవాటుపడ్డారు, నెల తిరిగేసరికి లెక్చరర్లు కూడా ఒక చేత్తో అటెండెన్స్ రిజిస్టరు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తి వచ్చేవారు. క్యాంటీన్ దాదా (ఇక్కడ దాదా అంటే అన్నయ్య) పేరు ఏమిటో, తోటమాలికి ఏ మోకాలు నొప్పో అక్కకు తెలుసు. 'మా కాలేజీలో ఎవరు ఏం చేస్తారు' అని బొమ్మలు గీసి, అందరి చేతా వాళ్ళ పేర్లు రాయించి, పెద్ద పుస్తకం తయారుచేస్తోంది. అదే ఆమె చూపించాల్సిన పని. నా పేరు మాత్రం కాలేజీలో ఎవరికీ తెలియలేదు. నన్ను 'బంగారీర్ బోన్' అనేవారు, అంటే బంగారి చెల్లెలు.

కడుపుమంట కట్టలు తెంచుకుంది మాత్రం ఫ్రెషర్స్ రోజున. నేను నెల్లాళ్ళు బట్టీపట్టిన బెంగాలీ ఉపన్యాసం ఒకటుంది. మా తెలుగు యాస దొర్లకుండా పెరటిలో కోళ్ళకు కూడా వినిపించి సాధన చేశాను. నాకంటే ముందు అక్కను ఊరికే ఒక్కసారి స్టేజీ మీదికి రమ్మన్నారు. అక్క వెళ్ళి మైకు వైపు చూడనైనా చూడకుండా పచ్చగుడ్డ ఊపింది. హాలు మొత్తం లేచి చేతులెత్తింది. ఆ తర్వాత నేను మాట్లాడాను. వెనక వరసల్లో వాళ్ళు ఇంకా చేతులూపుకుంటూనే ఉన్నారు. కోళ్ళే నయం, కాసేపు మెడలు తిప్పి విన్నాయి.

సెమిస్టర్ చివర అక్క తన పుస్తకాన్ని ప్రిన్సిపాల్ ముందూ కమిటీ ముందూ చూపించాలి. అది చూసి, సాథీ రాసిచ్చిన రిపోర్టు చదివి, అక్క కాలేజీలో కొనసాగాలో వద్దో తేలుస్తారు. రిపోర్టు రాయాల్సింది నేను. కలం చేతికొచ్చేసరికి నాకేదో పూనింది. క్లాసులో మాట్లాడుతుంది, పాఠం వినదు, బెంచీ కింద పెట్టుకుని మూరీ (మరమరాలు) తింటుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది, కనుక కొనసాగించడం కష్టం అని రాసి, కవరు అంటించి, గొడుగు మేడమ్ టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

మర్నాడే కమిటీ. పొద్దున్న అక్క కొత్త చీర కట్టుకుని, పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని జడ వేయించుకుంటోంది. దాని మొహం చూసే ధైర్యం లేక, నేను పెరటి తలుపులోంచి జారుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. మలుపులో తిరగలేదు, చెయ్యెత్తలేదు. కాలేజీలోకి కూడా పెద్దగేటు మానేసి సైకిల్ స్టాండ్ వైపు నుంచి దూరి, లైబ్రరీలో ఒక బీరువా వెనక కూర్చున్నాను.

తర్వాత జరిగింది క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి నన్ను వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చి చెప్పింది. నాన్న అక్కను తీసుకుని పెద్దగేటు దాకా వచ్చాడు. అక్క అక్కడ ఆగిపోయింది. చెల్లి రైట్ చెప్పలేదు, నేను రాను అంటోందట. ప్రిన్సిపాల్ గదిలో అందరూ గడియారం చూసుకుంటున్నారు. గొడుగు మేడమ్ గేటు దాకా వెళ్ళి బతిమాలింది. క్లాసు క్లాసంతా వెళ్ళి చేతులెత్తింది. ఊహూ. కనీసం మీరైనా చెప్పండని మేడమ్ నాన్నను అడిగితే, ముప్పై ఏళ్ళ సర్వీసున్న మా నాన్న చేతులు కట్టుకుని, "సిగ్నల్ నహీ మిలా, మేడమ్. గాడీ కైసే ఛోడేగా?" అన్నాడట, సిగ్నల్ రాకుండా బండెలా వదులుతామని. కూతురు చదువు పోయినా ఫరవాలేదు గానీ, రూలు తప్పి బండి వదలడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. నేను ఏమీ చెయ్యనక్కర్లేదు, కదలకుండా కూర్చుంటే చాలు. పావుగంటలో కమిటీ లేచిపోతుంది, వచ్చే సెమిస్టర్ నుంచి కాలేజీ నాది, నా పేరు నాది. బీరువాకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాను కూడా. అప్పుడు తట్టింది, హాలంతా చేతులెత్తితే ఏమిటి, క్లాసంతా ఎత్తితే ఏమిటి, దాని బండి కదలాలంటే నా చెయ్యే కావాలి. ఇన్నాళ్ళూ నన్నెవరూ పట్టించుకోవడం లేదని కుళ్ళి చచ్చాను. నాకోసం ఒక మనిషి కొత్త చీరతో ఎండలో నిలబడిపోయింది, పైగా చచ్చినా అక్కణ్ణుంచి కదలదు. కాళ్ళు ముడుచుకుని లేచి పరిగెత్తాను.

దూరం నుంచే చెయ్యెత్తాను. అక్క పచ్చగుడ్డ ఊపలేదు. దగ్గరికి వచ్చేదాకా అలాగే చూసి, "నువ్వు రైట్ సెప్పకుండా ఎల్లిపోనావు" అంది.

"మర్సిపోనానక్కా."

"మర్సిపోలేదు. దాక్కున్నావు."

అప్పుడు ఊపింది. నేను మళ్ళీ చెయ్యెత్తాను. నాన్న వాచీ చూసుకుని, "పదండి, లేటు రన్నింగ్" అన్నాడు.

కమిటీ గదిలో అక్క తన పుస్తకం ఒక్కో పేజీ తిప్పి చూపించింది. ప్రిన్సిపాల్ తన గది బయట పదేళ్ళుగా కూర్చుంటున్న ప్యూన్ పూర్తి పేరు ఆ రోజే చదివాడు. తర్వాత గొడుగు మేడమ్ నా కవరు తీసింది. ఆవిడ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, సాథీ గురించి బంగారినే అడుగుదాం అంది. అక్కకు బెంగాలీ అర్థమవుతుంది గానీ, పెద్ద మాటలు తెలుగులోనే వస్తాయి. తర్జుమా చెయ్యాల్సింది నేనే.

"మా సెల్లి మంచిదే. కానీ దానికి నామీద కుల్లు" అంది అక్క.

మా చెల్లెలు మంచిది అని బెంగాలీలో చెప్పి ఊరుకున్నాను.

"అంతా సెప్పు" అంది అక్క.

చెప్పాను. కమిటీ కమిటీ అంతా నా వైపు తిరిగింది. కాలేజీలో నన్ను అంతమంది ఒకేసారి చూడ్డం అదే మొదలు. ఏం కుళ్ళు, ఎందుకు అని ప్రిన్సిపాల్ అడిగేలోగా అక్కే అందుకుంది.

"నాకూ దానిమీద కుల్లే. అదొక్కతే బస్సెక్కి ఎక్కడికైనా ఎల్లిపోద్ది. నన్నెవులూ ఒక్కదాన్ని ఒగ్గరు."

ఇది తర్జుమా చెయ్యడానికి నాకు కొంచెం టైము పట్టింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

అక్కను కొనసాగించారు. వెళ్ళేటప్పుడు గొడుగు మేడమ్ నా రిపోర్టు నా చేతిలో పెట్టింది. మాట్లాడుతుంది, వినదు, తింటుంది, నిద్రపోతుంది అన్న ఒక్కో దాని పక్కనా ఎర్ర పెన్సిల్‌తో నా రోల్ నంబరు వేసి ఉంది. ఇవన్నీ నువ్వూ చేసేవే, ఈ లెక్కన పంపేయాల్సి వస్తే ముందు నిన్నే పంపాలి అంది, గొడుగు తెరుచుకుంటూ. ఆ వారం నుంచే అక్కకు టోటో (బ్యాటరీ రిక్షా) ఒక్కతే ఎక్కడం నేర్పడం మొదలుపెట్టాను. సాథీగా నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. ఏడాది పట్టింది. ఆ తర్వాత మరిచిపోలేదు.

ఇప్పుడు నేను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్క అదే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు స్టాంపులు వేస్తుంది. నాకంటే ముందు తనే బయల్దేరుతుంది. వీధి చివర టోటోలో ఎవరో కాలేజీ అమ్మాయిలు దానికోసం చోటు ఉంచుతారు, ఎక్కగానే కబుర్లు మొదలు. నేను గుమ్మంలో పచ్చగుడ్డ పట్టుకుని నిలబడతాను. పొయ్యి మీద అట్టు మాడుతుంటుంది, నా ఫ్యాక్టరీ బస్సుకు టైమవుతుంటుంది, అమ్మ లోపల్నుంచి కేకలేస్తుంటుంది. అక్కకు తిరిగి చూసే తీరిక ఉండదు. ఆ అమ్మాయిలకు ఏం చెబుతోందో, నాకు చెప్పనిది వాళ్ళకేం చెబుతోందో అని, ముప్పైకి దగ్గరపడ్డ ఈ వయసులో కూడా నాకు కుళ్ళే. మలుపు దగ్గరికొచ్చాక టోటోలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. మొహం అటే, మాటలు వాళ్ళతోనే, చెయ్యి మాత్రం నాకు. అప్పుడు వెళ్ళి అట్టు తిరగేస్తాను.