మాట వినని హన్మాండ్లు

హన్మాండ్లుకూ సుబ్బరాజుకూ కొట్లాట వచ్చింది కింది మంచం దగ్గర. షార్జాలోని రోలాలో నా మెస్సు పక్క గదిలో ఆరుగురు మగాళ్ళు, ఒకదాని మీద ఒకటి కట్టిన ఇనుప మంచాలు. కిటికీ దగ్గర కింది మంచం ఖాళీ కాగానే హన్మాండ్లు తన దుప్పటి పరిచాడు. సుబ్బరాజు డ్యూటీ దిగి వచ్చి చూశాడు. నేను పప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను.

"ఏవయ్యోయ్, ఆ మంచం నాదని ఎప్పట్నించి చెబుతున్నాను? మీ తాత రాసిచ్చి పోయాడా నీకు? లే! గోడలా కూర్చోడం కాదు, సమాధానం చెప్పు!"

భీమవరం నోరు అది, ఊరికే మూతపడదు. వంశాన్ని తిట్టాడు, ఊరిని తిట్టాడు, చివరికి ముక్కుకు కూడా వంకలు పెట్టాడు. హన్మాండ్లు లుంగీలు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. సుబ్బరాజు గొంతు బొంగురుపోయి ఆగాక తలెత్తాడు.

"ఖలాస్? అయితే పా, బువ్వ తిందాం."

గదంతా గొల్లున నవ్వింది. తిట్లు అంటని మనిషితో ఎంతసేపని పోట్లాడతారు? సుబ్బరాజు తన పెట్టెను పై మంచం మీదికి ఎక్కించుకున్నాడు. మనిషంటే వీడు అనుకున్నాను నేను.

హన్మాండ్లుది ఆర్మూరు దగ్గర పల్లె. కరోనాలో అతని కంపెనీ మూతపడితే, షార్జా అవతల ఎడారిలో తుపాకుల క్లబ్బులో పని దొరికింది. అక్కడ పెద్ద ఉద్యోగాల దొరలు సెలవురోజున అంచులు తిరిగిన టోపీలు, తోలు బూట్లు వేసుకుని అమెరికా పశువుల కాపర్ల వేషం కడతారు. గుర్రం లేదు, గొడ్డు లేదు. చెక్కలకు రంగేసి నిలబెట్టిన ఉత్తుత్తి ఊరు, దాని ముందు వరసగా ఇనుప పలకలు. టైమరు పీప్‌మనగానే ఒక్కొక్కడు ఆ పలకలను తుపాకితో పడగొట్టాలి. ఎవడు తొందరగా పడగొడితే వాడు మొనగాడు.

పడిన పలకలను మళ్ళీ నిలబెట్టడం, పేలిన తూటాల డొల్లలు ఏరడం హన్మాండ్లు పని. అతనికి అన్నింట్లోకీ లీవర్ షాట్‌గన్ అంటే గురి. దాని పిడి కింద ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. కిందికి తోస్తే తుపాకి దవడలా తెరుచుకుని డొల్ల ఎగిరి బయటపడుతుంది, పైకి లాగితే కొత్త తూటా లోపలికి పోతుంది. "దౌడ తెరిచి పెట్టిన్రంటే ఖాళీ అన్నట్టు అవ్వా. ఒకల్ని అడిగే పనిలేదు, చూస్తే ఎర్కయితది" అనేవాడు. ఎవరినీ అడగకపోవడం అతనికి ఎందుకంత అవసరమో అప్పుడు నాకు తెలియదు.

ఈలోగా ఊరి నుంచి అతని పెళ్ళాం మాలతి నాకు ఫోన్ చేసింది.

"అవ్వా, ఆయన నా మాటే వింటలేడు. నేను మొదలువెట్టంగనే తనే అందుకుంటడు. పైసలు పంపిన, పిల్ల పైలం అంటడు, సిగ్నల్ లేదని కట్ చేస్తడు. నేనొకటి అడిగితే ఇంకోటి చెప్తడు. ఆడ ఎవలన్న ఉన్నరా?"

"ఉన్నడు, సుబ్బరాజు. వాని గురక మీద మనసు పడితే నేనే చెప్త" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

చలికాలంలో క్లబ్బులో పోటీలు పెట్టారు. పనివాళ్ళకు భోజనం నా మెస్సు నుంచే అన్నారు. అక్కడే పనిచేసే హైదరాబాదు తబ్రేజ్ వ్యానులో నన్నూ గిన్నెలనూ తీసుకుపోయాడు. పొద్దున్నే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, అందరినీ నిలబెట్టి ఏదో చెప్పాడు. అందరితో పాటు హన్మాండ్లూ తలూపాడు. ఆయన చెప్పింది, రోజూ చివర కాల్చే షాట్‌గన్ ఇవాళ ముందు, దాని తర్వాత రైఫిల్ అని.

ఒక ఎర్రమీసాల దొర వచ్చాడు. నడుముకు తూటాల పట్టీ. కొక్కెం కిందికీ పైకీ ఆడిస్తూ టపటపా పలకలు పడగొట్టి, షాట్‌గన్ దౌడ తెరిచి బల్ల మీద పెట్టాడు. హన్మాండ్లు ఆ దౌడనే చూస్తున్నాడు. చూసి, పలకల వైపు నడిచాడు. దొర రైఫిల్ అందుకున్నాడు.

"అరే హన్మాండ్లు, రుక్! రుక్!"

తబ్రేజ్ అరిచాడు, ముదీర్ అరిచాడు, నేనూ గరిటె పడేసి అరిచాను. అంతమంది గొంతులకు ఆ మనిషి తల కూడా తిప్పలేదు. దొర పక్కన నిలబడిన మనిషి రైఫిల్ గొట్టాన్ని పైకి తోసేలోపే ఒక గుండు పోయింది. పలకకు తగిలి చిట్లిన సీసం హన్మాండ్లు ముంజేతిని కోసింది. రక్తం కనబడ్డాక గానీ వెనక్కి తిరగలేదు.

ముదీర్ అతని దగ్గరికి పోయి, వీపు వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. వినబడదని తేలిపోయింది, ఇంకేం కావాలి వాళ్ళకు?

తుపాకుల మోత తగలకుండా చెవులకు పెట్టుకోమని వాళ్ళు డిప్పలు ఇచ్చారు. అవి పెట్టుకుంటే పిలుపు వినబడేది కాదు, పలకకపోతే తిట్లు. అందుకని ఒక పక్క డిప్ప పైకి తోసుకుని పనిచేసేవాడట, ఆ చెవి పోయాక రెండోది. పిలిస్తే పలకాలని చెవులు పోగొట్టుకున్నాడు, పిలిస్తే పలకలేదని పని పోగొట్టుకున్నాడు. క్లబ్బువాళ్ళు చేతికి కట్టు కట్టించి ఊరికి టికెట్టు చేతిలో పెట్టారు. చెవుల సంగతి మాట్లాడిన నోరు లేదు. సుబ్బరాజు అతని సంచి సర్దిపెట్టాడు.

ఎదురుగా నిలబడి మెల్లగా అంటే హన్మాండ్లు పెదాలను బట్టి మాట పట్టుకుంటాడు. ఫోనులో బొమ్మ ఆగి ఆగి వస్తుంది, అందులో చేతకాదు. మాలతికి చదువు రాదు, రాసి పంపే దారీ లేదు. పొయ్యి దగ్గరికి వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఆమెకు ఇంతకుముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే వచ్చేయమంటది. వచ్చి ఏం జెయ్యాలె?"

"ఇప్పుడు పోతున్నవు గద. చెప్పు."

"నేను చెప్త అవ్వా. మల్ల అటుకెల్లి ఆమె ఏమంటదో నాకెట్ల ఇనవడాలె?"

ఫోను నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు చెయ్యి. నాకు చెవులు పోయినయని నువ్వే చెప్పు. ఆమె తిట్టనీ, ఏడ్వనీ, ఇంటికి రావద్దననీ, ఏదంటే అది నా దిక్కు తిరిగి పెదాలతోని చెప్పు. తక్కువ చేసి మాత్రం చెప్పకు."