ఏటిగట్టు మీద నా చెప్పు తెగిన వైనం

ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, ఈ ఉదయం ఏటిగట్టు మీద నా ఎడమకాలి చెప్పు తెగిపోయినది.

తెగదా మరి? రోజూ మనమంతా వాకింగ్ చేసే దారిలో నిన్నటిదాకా లేని పెద్ద గొయ్యి. పక్కనే పొక్లెయిన్. రొయ్యల చెరువుల వెంకట్రావు గారు గట్టు మట్టి తవ్వించి తన కొత్త ఇంటి స్థలం మెరక చేయించుకుంటున్నారు. గోదావరి పొంగితే ఊరికి అడ్డంగా ఉన్నది ఆ గట్టు ఒక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ బాబాయిగారూ, గట్టు తినేస్తున్నారు?"

"కాస్త మట్టేరా అబ్బాయ్. ఇంత గట్టుకి ఏమైపోద్ది? నడిచేవోళ్ళు పక్కనుంచి నడవండి."

"ఆయ్, అలాగేనండి. అన్నట్టు, రాత్రి పంచాయతీ దగ్గర పెద్దలు తీర్మానం చేసేరు, తెల్సాండి? ఈసారి వరదకి ఊరంతా గట్టు కాపలా కాయక్కర్లేదంట. మట్టి తీసినోళ్ళే ఇంటిల్లిపాదీ ఆ గోతి దగ్గర ఇసక బస్తాలేసుకుని పడుకోవాలంట. పిన్నిగారికో దోమతెర కొనుంచండి."

ఆయన మొహం మాడిపోయింది. సాయంత్రానికి అదే పొక్లెయిన్ మట్టి వెనక్కి పోస్తోంది.

నా కోపం మాత్రం చల్లారలేదు. పొద్దున్న ఆ గొయ్యి పక్కనుంచి చేతులూపుకుంటూ వెళ్ళిపోయిన వాకింగ్ బ్యాచ్ అంతా మన వాట్సాప్ గ్రూపులో ఇది చదువుతోందని నాకు తెలుసు. రేపు గట్టు తెగితే నీళ్ళు కూడా మీ ఇళ్ళ పక్కనుంచి తప్పుకుని పోతాయనుకున్నారా?

ఇంకో మాట. రాత్రి పంచాయతీ దగ్గర ఏ మీటింగూ జరగలేదు. ఆ తీర్మానం తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, అక్కడికక్కడే నేనే చేశాను. ఆయనకు తెలిసేలోగా బలపరిచేవాళ్ళు కింద చేతులెత్తండి.