గడ్డి నింపిన టపా సంచి

మొన్న పోస్టాఫీసులో ఎవరో పార్సిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నారు. ఆ వాసనకు చిన్నప్పటి ఒక బస్సు ప్రయాణం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కి కూర్చున్నాం. అమ్మ ఒళ్లో తమ్ముడు. పొద్దటి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయి, ఏడవడం కూడా మానేశాడు. పెద్ద దవాఖాన కామారెడ్డిలో ఉంది. బస్సు మాత్రం కదలదు.

"జర తోలుండ్రి అన్నా, పిల్లగాడు దక్కేటట్టు లేడు," అంటూ అమ్మ కండక్టరు కాళ్లు పట్టుకుంది.

"నా చేతుల ఏమున్నదక్కా? టపా సంచి రాందే బస్సు కదలొద్దని హుకుం. తోలితే నా నౌకరి పోతది," అన్నాడాయన తల దించుకుని.

సంచి వస్తే చాలనుకున్నాను. కిందికి దూకి, అక్కడ ఆగి ఉన్న ఎడ్లబండిలోంచి ఖాళీ గోనెసంచి లాగాను. ఎడ్ల ముందున్న గడ్డి కుక్కి, మూతి ముడేసి, ఈడ్చుకొచ్చాను.

"టపా వచ్చింది!"

కండక్టరు సంచి ఎత్తి చూశాడు. తమ్ముణ్ణి చూశాడు.

"ఆఁ, వచ్చింది. పోనియ్!" అని డ్రైవరుకు కేకేశాడు.

మోసం తెలిస్తే బస్సు వెనక్కి తిప్పుతాడేమోనని, కామారెడ్డి దాకా ఆ సంచి మీదే కూర్చున్నాను, ఒక్క గడ్డిపోచ కూడా కనిపించనీయకుండా.

తమ్ముడు బతికాడు. ఆ కండక్టరు మళ్లీ ఆ బస్సులో కనిపించలేదు.

టపా సంచి మూతికి లక్క ముద్ర ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. ఆయనకు తెలుసు.