మధురవాడ సర్వర్‌తో నా తగువు

నా పాత సోషల్ మీడియా అకౌంటును మూసేసిన పెద్ద కంపెనీ ఇప్పటికీ కారణం చెప్పలేదు. నియమాలకు విరుద్ధం అని ఒక్క ముక్క వచ్చింది. ఏ నియమమని అడిగితే అదే ముక్క మళ్ళీ వచ్చింది. తప్పు చేసి ఉంటే చీవాట్లు తినడానికైనా నేను సిద్ధమే. చీవాట్లు పెట్టడానికి అక్కడ మనిషే లేడు.

గాజువాకలో మా డాబా మీద రాత్రిపూట ఒక తెల్ల టైలు పెట్టేవాళ్ళం. తెల్లారేసరికి దాని మీద నల్లటి పొడి పడి ఉండేది. మా ఆవిడ చూపుడువేలితో అడ్డంగా ఒక గీత గీసేది, నేను ఫొటో తీసి తేదీ వేసి ఆ అకౌంటులో అందరికీ కనపడేలా పెట్టేవాణ్ణి. ఆవిడకు ఆయాసం. ఆ పొడి ఎక్కడిదో ఎవరైనా తేల్చాలని మా పట్టుదల.

ఆ ఫొటోల మీద కంపెనీకి రిపోర్టు కొట్టిందెవరో నాకు తెలుసు. పక్క వీధిలో ఉండే మనిషే. ఇద్దరం ఒకే వర్క్‌షాపులో ఫిట్టర్లం, బంధుత్వం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్ళం. టీ కొట్టు దగ్గర తనే చెప్పాడు.

“నానే కొట్టినాను బావ. ఇల్లు అమ్మకానికెట్టినాను. నువ్వు రోజూ మసి సూపిత్తంటే కొనీవోడు వొత్తాడేటి?”

“నీ ఇల్లు అమ్ముడైపోతే మా ఆవిడికి ఊపిరాడతాదేటి?”

ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

ఇంకో చోట మళ్ళీ మొదలుపెట్టాను. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఓపిక ఉన్నవాళ్ళు ఎవరికి వారు చిన్న చిన్న సర్వర్లు నడుపుకుంటారు. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. నేను చేరినదాన్ని మధురవాడలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి నడుపుతోంది. కొన్ని వారాలు ఒక్కరూ పలకలేదు. తర్వాత ముఖం తెలియని కొందరు ఫొటోల కింద రాయడం మొదలుపెట్టారు. మా ఆవిడను ఆసుపత్రిలో చేర్చిన రోజు గీత నేను గీశాను. కాసేపటికే ఎవరో అడిగారు: “వేలు మారింది. అమ్మ బాగున్నారా?” ఆ ప్రశ్న కింద ఇంకొందరు అడిగారు.

ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు. పరామర్శకు వచ్చిన బంధువుల్లో ఆ వేలి సంగతి ఒక్కరికీ తెలియదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, బావ చేసిన పనంతా అతని ఇంటి నెంబరుతో సహా రాసి పెట్టాను. సాయంత్రానికి ఆ అమ్మాయి కబురు పంపింది: ఇంటి నెంబరు తీసేయాలి, లేకపోతే పోస్టు తానే తీసేస్తుంది. ముఖాముఖి మాట్లాడాలన్నాను. తన ఆఫీసు కింద టీ దుకాణానికి రమ్మంది. బస్సులు మారి వెళ్ళాను.

“దెబ్బలాడ్డానికి గాజువాక నుంచి వొచ్చేసినారా అంకుల్?”

“ఆ కంపెనీవోడి గుమ్మం తెలిస్తే అక్కడికీ ఎల్దునమ్మా.”

నవ్వింది. టీ చెప్పింది. కానీ తగ్గలేదు.

“ఎవరి ఇంటి నెంబరూ ఉంచనండి. రేపు మీది ఎవరైనా పెట్టినా తీసేత్తాను.”

“నాను తియ్యను.”

“అయితే వేరే సర్వర్‌కి మారిపోండి, అడ్డుపడను. మిమ్మల్ని ఫాలో అయినోళ్ళు మీతో వచ్చేస్తారు. పాత పోస్టులు మాత్రం రావండి.”

“ఫొటోలు రావా?”

“ఫొటోలు మీ ఫోన్లో ఉంటాయి కదా. వాటి కింద వాళ్ళు రాసినవి ఇక్కడే ఉండిపోతాయి.”

టీ చల్లారిపోయింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. బావకు ఆ మాత్రం సాయం చేయడం కూడా నాకు ఇష్టం లేదు. కానీ మా ఆవిడ ఎలా ఉందని అడిగిన మాటలు అక్కడ తప్ప మరెక్కడా లేవు. ఫోను తీసి ఇంటి నెంబరు చెరిపేశాను.

“ఇది నాయం కాదమ్మా” అన్నాను.

“అదీ రాయండి అంకుల్” అంది.

తిరుగు బస్సులోనే రాశాను. ఈ సర్వర్ నడిపే మనిషి తప్పు చేసినవాణ్ణి కాపాడి నా నోరు నొక్కిందని రాశాను. ఆ అమ్మాయి దాన్ని తీయలేదు. నేనూ ఇంతవరకు తీయలేదు.