లేదనని దుకాణం

దేవరకొండలో మా ఎదురు దుకాణం తాత పోయాడని కబురు వచ్చినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. మంచివాడని నలుగురూ అంటున్నారు. ఆ మాట నాకు చాలడం లేదు.

ఆయన అమ్మింది ఉప్పు, గాసునూనె, బెల్లం. సరుకు అయిపోతే "లేదు" అనేవాడు కాదు. దుకాణంలో ఆ మాట పలికితే లక్ష్మి అలిగి పోతుందట. "నిండుకున్నది బిడ్డా, రేపు రా" అనేవాడు. నిండుకోవడమంటే అయిపోవడమని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు.

పోలీసు యాక్షన్‌కు ముందటి రోజులు. మా బాపు సంఘం వాళ్లతో గుట్టల్లో ఉన్నాడు. ఒక పొద్దున అమ్మా నేనూ దుకాణంలో ఉండగా నిజాం పోలీసు క్యాంపు జమేదారు వచ్చి ఉప్పు బస్తా అడిగాడు. వాడిది వచ్చీరాని తెలుగు. తాత చేతులు జోడించాడు.

"నిండుకున్నది దొరా."

"నిండిందా? అయితే తియ్యి!"

జాగా అంతా వెతికించాడు. ఉప్పురాయి దొరకలేదు. "నిండిందంటివి, ఏదీ? మస్కిరీ చేస్తున్నవా?" అని తుపాకి మడమతో మూతి మీద కొట్టాడు.

"జర లేదని చెప్పు మామా!" అని అమ్మ ఏడ్చింది.

తాత నెత్తురు తుడుచుకుని మళ్లీ "నిండుకున్నది" అనే అన్నాడు. మొండిఘటం. ఆ ఉప్పు ముందురోజే బాపు వాళ్లకు చేరిందని అమ్మకూ తెలుసు.

రాజ్యం మారాక ఊళ్లో వేరే మాట పుట్టింది. "బేరగాడు గద, రెండు దిక్కులా అమ్మిండు." అబద్ధమూ కాదు. క్యాంపుకు బెల్లం పోవడం నేను కళ్లారా చూశాను. బాపు మాత్రం "ఆయన ఉప్పు తిన్న నోరు, ఏమనలేను" అని ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. పెద్దయ్యాక తాతనే నిలదీశాను. "నువ్వు ఎవరి దిక్కు తాతా?"

ఆయన త్రాసు తుడుస్తూ నవ్వాడు. "ఇద్దరికీ ఇచ్చిన బిడ్డా. దుకాణం తెరిసి కూసున్నోడు ఇయ్యక ఏం జేస్తడు? కానీ నిండుకున్నదని మీ బాపుకు ఒక్కనాడన్న చెప్పిన్నా?"

 

నిన్న నల్గొండ నుంచి బస్సెక్కి కడచూపుకు వెళ్లాను. తలాపున దీపం సన్నగిల్లుతుంటే ఎవరో నూనె అడిగారు. ఆయన భార్య, మేము అవ్వా అని పిలిచే ముసలామె, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒట్టి డబ్బా వైపు చూసింది.

"లేదు" అన్నది.

ఆ ఇంట్లో ఆ మాట వినడం నాకు అదే మొదలు. నేను తెస్తానని లేచి వీధిలోకి వచ్చాను. పుట్టి పెరిగిన ఊళ్లో, నూనెకు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాను.