నత్త జరిపిన పంపు

నీళ్లు ఎక్కడ కనిపించినా సరే, అవి ఎటు వెళ్తున్నాయో తేలేదాకా ఓరెస్ట్ హ్నాట్యుక్ కుదురుగా కూర్చోలేడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. కెనడాలోని సాస్కటూన్ నగర నీటి సరఫరాలో ముప్ఫై ఆరేళ్లు గొట్టాల మధ్య బతికి ఉద్యోగం నుంచి దిగిపోయాడు గాని, జబ్బు మాత్రం దిగలేదు. చర్చి విందులో బోర్ష్ సూపు ముందు పెడితే అందులో చిటికెడు మిరియాల పొడి చల్లి, చెంచాతో ఒక్కసారి తిప్పి, తల వంచి చూస్తాడు. "ఇదిగో, ఈ అంచున ఏమీ కదలట్లేదు. చచ్చిన మూల!" అని పక్కవాళ్లకు చూపిస్తాడు. పక్కవాళ్లు అప్పటికే రెండోసారి వడ్డించుకుంటూ ఉంటారు.

ఇలాంటి మనిషికి పగడాలు పెంచేవాళ్లు దొరకడం ఆయన అదృష్టం. వాళ్ల అదృష్టం సంగతి వాళ్లనే అడగాలి. సముద్రానికి రోడ్డు మీద పదహారు వందల కిలోమీటర్ల దూరంలో, కిటికీ బయట మైనస్ ముప్ఫై ఉన్న ఊళ్లో, ఇరవై రెండు ఇళ్ల వాళ్లు గాజు తొట్టెల్లో ఉప్పునీళ్లు పోసి, బతికున్న పగడాలను పెంచుతున్నారు. ఆ ఇరవై రెండు తొట్టెల్లో నీళ్లు ఎటు తిరుగుతాయో, తొట్టె సొంతదారుల కంటే ఓరెస్ట్‌కే బాగా తెలుసు.

వెర్నా ఫ్రీసెన్ ఈ గుంపులోకి కావాలని రాలేదు. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికి, అరవై ఒకటో ఏట ఈ ఊరికి వచ్చింది. కొన్న ఇంటితోపాటు మూడు వందల లీటర్ల తొట్టె కూడా వచ్చింది. ఎత్తడం ఎవరి తరమూ కాక దాన్ని వదిలేశారు. అందులో కాలీఫ్లవర్ అంత పగడం ఒకటి. దాని కొసలన్నీ చిన్న చిన్న సుత్తుల్లా ఉండి, నీళ్లలో మెల్లగా ఊగుతుంటాయి. ఇల్లు అమ్మిన ఈడా బర్గ్‌స్ట్రోమ్ అనే పెద్దావిడ దాన్ని పందొమ్మిదేళ్లు పెంచింది. తాళాలు చేతిలో పెడుతూ, "వంటగది కప్పు కారినా ఫర్వాలేదమ్మా, నా సుత్తుల్ని మాత్రం చంపకు" అంది. ఇప్పుడు తానుంటున్న విక్టోరియా ఊరి నుంచి నెలనెలా ఫోన్ చేసి, వెర్నా ఎలా ఉందో అడగడానికి ముందే సుత్తులెలా ఉన్నాయో అడుగుతుంది.

నవంబరులో తొట్టెలో నీళ్లు తిప్పే పంపు ఆగిపోయింది. వెర్నా గ్లెనిస్ చేపల దుకాణానికి పరిగెత్తింది. అక్కడ గల్లా పక్కన ఎత్తుపీట మీద ఓరెస్ట్ కూర్చుని ఉన్నాడు. అది ఆయన రోజూ కూర్చునే చోటు.

"తొట్టె పొడవెంత?" అన్నాడు, పలకరింపు లేకుండా.

"నాలుగడుగులు."

"ఇసుక సన్నమా, దొడ్డా?"

"సన్నం."

"పగడం ఎడంపక్కనా, నడిమిలోనా?"

"నడిమిలో."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనొక్కదాన్నే. పంపుకీ దానికీ ఏమిటి సంబంధం?"

"చాలా ఉంది" అంటూ ఓరెస్ట్ జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. "చిన్నవి రెండు కొను. తొట్టెకి అటు గాజు గోడకొకటి, ఇటు గోడకొకటి."

వెర్నాకు ఒళ్లు మండింది. పళ్లు తోమే బ్రష్షుల దగ్గర్నుంచి ఆమెకు తెలిసిన నియమం ఒక్కటే: గట్టిది కొంటే మన్నుతుంది. షెల్ఫులో అన్నిటికంటే పెద్ద డబ్బా అందుకుంది. గంటకు పదిహేను వేల లీటర్లు తోస్తుందని దాని మీద రాసి ఉంది. గ్లెనిస్ ఏదో అనబోయింది. ఓరెస్ట్ చెయ్యి అడ్డుపెట్టి, "కొననీ. ఇంటి అడ్రసు మాత్రం రాసుకో" అన్నాడు.

ఆ సాయంత్రమే తొట్టెలో తుఫాను లేచింది. ఇసుకంతా ఎగిరి నీళ్లు పాలలా అయ్యాయి. నారింజ రంగు చేప ఒకటి గాజుకు అతుక్కుపోయి, బస్సులో నిలబడ్డ ప్రయాణికుడిలా బిక్కమొహం వేసింది. తెల్లారేసరికి పగడం సుత్తులన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. ఒకవైపు చర్మం ఊడి తెల్లటి ఎముక బయటపడింది. ఈడా ఫోన్ చేయడానికి ఇంకా పది రోజులుంది.

సాయంత్రం నాలుగింటికి తలుపు చప్పుడైంది. ఓరెస్ట్! మంచు బూట్లు గుమ్మంలో విడిచి, ఉన్ని మేజోళ్లతో తిన్నగా తొట్టె దగ్గరికి నడిచాడు. తగరపు డబ్బీలోంచి చిటికెడు చేపల మేత తీసి నీళ్లలో చల్లాడు. మేత బాణంలా వెళ్లి పగడం మొహాన తగిలింది.

"ఇది ప్రవాహం కాదమ్మా, చెంపదెబ్బ" అన్నాడు. "మొహం మీద గొట్టంతో నీళ్లు కొడితే నువ్వు నోరు తెరుస్తావా?"

"బతుకుతుందా?" అంది వెర్నా.

ఓరెస్ట్ కోటు జేబుల్లోంచి చిన్న పంపులు రెండు తీశాడు. ఒకటి ఎడమ గోడకు, ఒకటి కుడి గోడకు, ఎదురెదురుగా పెట్టాడు. ఈసారి చల్లిన మేత మధ్యలో ఢీకొని, విడిపోయి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ వెళ్లింది. పగడం ఒళ్లు చిన్నగా ఊగింది.

"అదీ! నీళ్లు ఎటునుంచి వస్తాయో పగడానికే తెలియకూడదు. సముద్రంలో అంతే. ఇక రెండు గంటలు చూడాలి."

"రెండు గంటలా! ఎందుకు?"

"ప్రవాహం కుదురుకోవద్దూ? పేకముక్కలున్నాయా?"

ఆ రోజు గురువారం. తర్వాతి గురువారం కూడా నాలుగింటికే వచ్చాడు. "ఎడమ పంపు అర అంగుళం జరిగింది" అన్నాడు.

"నేను ముట్టుకోలేదండీ."

"నత్త అయ్యుంటుంది." పంపును ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పి, కాఫీ అడిగాడు. ఆ పై గురువారం కూడా నత్తే. క్రిస్మస్ ముందు రెండు గురువారాలూ నత్తే. రేగు పండంత ఆ నత్త, పాపం, గాజు మీద పాచి నాకుతూ ఎప్పుడూ కుడివైపే ఉండేది. ఓరెస్ట్ తెచ్చిన, బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీ కుడుములు తింటూ, పేకాటలో ఓడుతూ, ఆయన నగరంలోని గొట్టాలన్నిటినీ పేరుపేరునా వర్ణిస్తుంటే వింటూ వెర్నా అనుకునేది: ఈయన జబ్బు ముదిరింది.

అయితే పగడం కోలుకుంది. డిసెంబరు ఫోన్‌లో "కొంచెం అలిగింది" అని నసిగిన వెర్నా, ఫిబ్రవరి ఫోన్‌లో "మూడు కొత్త తలలు వేసిందండీ!" అని అరిచింది. అవతల ఈడా, "వంటగది కప్పు ఎలా ఉంది?" అని మొదటిసారి అడిగింది.

మార్చిలో చర్చి హాల్లో పగడాలు పెంచేవాళ్ల ముక్కల సంత జరిగింది. డబ్బు మాటే ఉండదు. ఎవరి పగడంలోంచి వాళ్లు ఒక ముక్క కోసి తెస్తారు, ఇంకొకరి ముక్క పట్టుకెళ్తారు. ఒక ఇంట్లో చచ్చిపోతే ఇంకో ఇంట్లో బతికే ఉంటుందని ధైర్యం. వెర్నా రెండు సుత్తుల ముక్కను డబ్బాలో పెట్టి గ్లెనిస్ చేతికిచ్చింది.

"ఓరెస్ట్ గారు మీ ఇంటికి ఏ వారం వస్తారు?" అని అడిగింది.

గ్లెనిస్ నవ్వింది. "మా ఇంటికా! మొగుడు, ముగ్గురు పిల్లలు, రెండు కుక్కలు. నాకు ఫోన్లోనే. 'కుడి పంపు పైకెత్తు' అని పెట్టేస్తాడు."

"మరి ప్రతివారం నత్త జరుపుతుందని..."

"నత్తా? ఆ పంపు మెడ తిప్పాలంటే నాకే రెండు చేతులూ కావాలి!" గ్లెనిస్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "సోమవారం ముసలి లార్స్ ఇల్లు. బుధవారం ఆ కొత్త నర్సు బెయాత్రీస్ ఇల్లు. గురువారం నీది. ఆ పుస్తకంలో ఉన్నవి ఆ మూడే."

వెర్నాకు దుకాణంలో ఓరెస్ట్ అడిగిన ఆఖరి ప్రశ్న గుర్తొచ్చింది: ఇంట్లో ఎవరెవరుంటారు? "మరి ఆయన తొట్టె ఎవరు చూస్తారు?"

"తొట్టేదీ? పోయినేడే తీసేశాడుగా. 'నేనొక్కణ్నే, నాకెందుకు' అన్నాడు."

హాలు అవతలి కొసన ఓరెస్ట్ పళ్లరసం గిన్నెలో దాల్చినచెక్క పొడి చల్లుతున్నాడు.

గురువారం నాలుగింటికి మూడు నిమిషాలుందనగా వెర్నా చిన్న నిచ్చెన పైమెట్టు ఎక్కి, చేతులు రెండూ మోచేతుల దాకా తొట్టెలో ముంచి, ఎడమ పంపు మెడను అర అంగుళం పైకి తిప్పింది. తలుపు చప్పుడైంది. బూట్లు, మేజోళ్లు, డబ్బీ, చిటికెడు మేత. మేత పైకెగిరి నీటి అంచున సుడి తిరిగింది.

ఓరెస్ట్ ఉలిక్కిపడ్డాడు. పంపు వైపు చూశాడు. వెర్నా చొక్కా చేతుల నుంచి నేల మీద కారుతున్న చుక్కల వైపు చూశాడు.

"పంపు నిజంగానే జరిగింది" అన్నాడు మెల్లగా.

"నత్త అయ్యుంటుందండీ."

"బలమైన నత్త."

"ఈమధ్య బాగా బలిసింది."

ఓరెస్ట్ గడ్డం గోక్కున్నాడు. పుస్తకం తీసి, పేజీ తిప్పి, పెన్సిలు నాలుక మీద తడుపుకున్నాడు. "ఇలాంటి నత్త ఉన్న ఇంటికి వారానికి ఒక్కరోజు చాలదమ్మా. ఆదివారం కూడా రావాలి."

"రండి" అంది వెర్నా, పేకముక్కలు కలుపుతూ. "ఎన్నింటికి జరపాలో దానికి ముందే చెప్పి ఉంచుతాను."