ఏజెంటు కుర్చీ

1993. కామారెడ్డిలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అక్టోబరులో ఓ మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి రిటైర్డ్ టీచరు నర్సయ్య సారును జీపులో తెచ్చారు. ఆయనది హెర్నియా, అంటే పేగు గజ్జల్లోకి జారడం. అది ఇరుక్కుపోయి నెత్తురు అందడం లేదు. దాన్ని స్ట్రాంగ్యులేషన్ అంటాం. వెంటనే ఆపరేషన్ చేయకపోతే ప్రాణం దక్కదు.

సంతకం పెట్టమంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడొద్దు బిడ్డా. వచ్చే నెలకు పాలసీకి ఏడాది నిండుతది. గప్పుడు చేయించుకుంటె కంపెనోళ్లు పైసలిస్తరు."

"అప్పటిదాకా మీరుండాలి కదా సార్!" అని కసిరాను. కోపంతో పాటు భయమూ వేసింది.

ఆయన భార్య ఏడుస్తూ సంగతి చెప్పింది. ఏటా నవంబరులో పెన్షనర్లు తాము బతికే ఉన్నామని సంతకం పెట్టడానికి సబ్ ట్రెజరీకి వెళ్తారు. అక్కడే వాళ్ల సంఘం బల్ల, దాని పక్కనే హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంటు కుర్చీ. సంఘం అధ్యక్షుడు రాజారాం సారే చెయ్యి పట్టి పాలసీ ఇప్పించాడట. "హెర్నియాకు మొదటేడు ఇయ్యరు, జెర ఓపిక పట్టు" అన్నాడట. ఈయన నడుముకు బెల్టు బిగించుకుని ఏడాదిగా నొప్పి ఓర్చుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండింది. పాలసీ తీసుకునే ముందే ఉన్న జబ్బును ప్రీ ఎగ్జిస్టింగ్ అంటారు. దానికి ఏడాది నిండినా క్లెయిమ్ రాదు. ఆ మాటే చెప్పాను.

"సంఘం అబద్ధం చెప్తదా?" అన్నాడు నర్సయ్య సారు.

రాజారాం సారు ఆ జీపులోనే వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"మీ మాటైతేనే వింటాడు. లోపలికొచ్చి నిజం చెప్పండి."

ఆయన గొంతు తగ్గించాడు. "నేనే కాదంటె అందరు పాలసీలు ఇడిచిపెడ్తరు సిస్టర్. మా సంఘం హాలుకు కంపెనీ స్లాబ్ ఏయిస్తున్నది. పని సగంల ఉన్నది."

"లోపల మనిషి పోతున్నాడు సార్!"

ఆ అరుపుకు వార్డంతా తిరిగి చూసింది. ఆయన తల దించుకుని మంచం దగ్గరికి వెళ్లాడు.

"నర్సన్నా, ఏడాది నిండినా నీకు పైసలు రావు. సంతకం పెట్టు."

"తెలిసే చెప్పినవా?"

రాజారాం సారు సంతకం కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. నర్సయ్య సారు పెన్ను అడిగాడు.

కుళ్లిన పేగు కొంత తీసేశారు. మనిషి దక్కాడు. సలహా ఇచ్చేవాళ్లకు అందులో ఏం ముడుతుందో ముందు అడగాలని ఆ రోజే నేర్చుకున్నాను. ఎంత మంచివాళ్లయినా సరే, అడుగుతాను.

నవంబరు చివర చెకప్‌కు వచ్చి నర్సయ్య సారు తనే చెప్పాడు. "సబ్ ట్రెజరీల సంతకం పెట్టిన. ఆ ఏజెంటు కుర్చీ ఎత్తి గేటు అవతల ఏసిన."

మూడు నెలలు బరువులెత్తొద్దని మరీ మరీ చెప్పి పంపిన మనిషి. ఆ ఒక్క బరువుకు మాత్రం నేను కోప్పడలేదు.